కుందేళ్ల దగ్గర చదివిన వైద్యప్పెట్టె

పాపికొండల అడవిలో ముసలి జంతువులకి ఒంట్లో బాగోకపోతే ఎలుగు వైద్యుడు వీరన్నే దిక్కు. ఆయన తేనె కోసం కొండెక్కిన రోజు చూసి, నక్క పానకాలు ఎక్కణ్ణుంచో ఓ మాట్లాడే పెట్టె తెచ్చి ఆయన అరుగు మీద పెట్టాడు.

"కృత్రిమ మేధ! దీనికున్న ఈ పట్టీ కట్టుకుంటే చాలు, రోగమూ మందూ అదే చెప్పేస్తుంది. ఇంక వీరన్నెందుకు? దీని మాటకి తిరుగులేదు, ఎవరైనా వినాల్సిందే! తలా ఓ పనసపండు తెండి!"

వరసలో అందరికన్నా ముందు తాబేలు సూరమ్మ మామ్మగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పి. పట్టీ కట్టారో లేదో, పెట్టె గగ్గోలెత్తింది.

"గుండె ఆగిపోతోంది! గెంతించండి! పరిగెత్తించండి!"

"నా గుండె పుట్టినప్పట్నించీ నిదానమే నాయనా," అంది మామ్మగారు. "కొత్త వైద్యుడికన్నా పాత రోగి మేలు. నా మాట విను."

"పెట్టెకన్నా నీకెక్కువ తెలుసా మామ్మా?" అంటూ పానకాలు ఆవిణ్ణి అరుగు పక్కనున్న వాలులోకి ఒక్క తోపు తోశాడు.

మామ్మగారు డొర్లుకుంటూ పోయి అడవిపంది పొట్టకి గుద్దుకుని వెల్లకిలా పడింది. కాళ్లు గాల్లో, ఆకాశం గిరగిరా! భయమేసింది. అంతలోనే వెనక నిలబడ్డ ముసలి దుప్పీ, చూపు ఆనని ఏదుపందీ గుర్తొచ్చారు. తనకైతే డిప్ప ఉంది, వాళ్ల ఎముకలేం కాను? ఒళ్లు మండిపోయింది.

అడవిపంది తిప్పి నిలబెట్టగానే మామ్మగారు తిన్నగా పెట్టె దగ్గరికి నడిచింది.

"అమ్మా పెట్టే, ఈ వైద్యం ఎవర్ని చూసి నేర్చావే?"

"కుర్ర కుందేళ్లని చూసి," అంది పెట్టె. దానికి అబద్ధమాడ్డం రాదు పాపం. "ఇంకెవర్నీ చూళ్లేదు."

వరసంతా గొల్లున నవ్వింది. పానకాలు మాత్రం తగ్గలేదు. "ఎవరి ప్రాణమైనా ప్రాణమే! పెట్టె తప్పు చెప్పదు!"

"అయితే నువ్వూ కట్టుకో బాబూ," అంది మామ్మగారు.

పొద్దున్నించీ పనసతొనలు మింగి పానకాలు పొట్ట డోలులా ఉంది. కాదంటే పరువు పోతుంది. కట్టుకున్నాడు.

"శుభం!" అంది పెట్టె. "ఈ కుందేలమ్మకి నెలలు నిండాయి. కడుపులో ఎనిమిది కూనలు! పడక దిగనివ్వకండి. పచ్చిగడ్డి తప్ప ఏం పెట్టకండి!"

"తిరుగులేని మాట!" అంటూ అంతా కలిసి పానకాల్ని ఎత్తుకెళ్లి పడుకోబెట్టారు. దుప్పి వాడి నోట్లో గడ్డి కుక్కింది. ఏదుపంది లాలిపాట ఎత్తుకుంది.

"నేను మగాణ్ణిరా బాబోయ్!"

"పెట్టెకన్నా నీకెక్కువ తెలుసా తల్లీ?" అంది మామ్మగారు.

సాయంత్రానికి వీరన్న దిగొచ్చాడు. జరిగింది విని పడీపడీ నవ్వాడు. పెట్టెని ఏట్లో పారేద్దామన్నారు అందరూ.

"దాని తప్పేముంది?" అన్నాడు వీరన్న. "మీరు సరేనంటే మీ నాడి చూడ్డం కూడా దానికి నేర్పుదాం. అది చెప్పింది నేను సరిచూస్తాను, నేను చూసింది మీకు చెబుతాను. ఆపైన మీ ఇష్టం."

మామ్మగారు కాలు చాచింది. "కట్టు నాయనా."

పెట్టె ఈసారి గగ్గోలెత్తలేదు. "గుండె నిదానంగా ఉంది. తాబేళ్లకిది మామూలేనా వీరన్నగారూ?" అని అడిగింది.

నీతి: యంత్రం సలహా వరకే, పెద్దల ప్రాణానికి పూచీ వైద్యుడిది, సరే అనాల్సింది పెద్దలే.