పీత పక్కకు నడవడం ఎలా మొదలైంది

ఒకప్పుడు పీతలు తిన్నగా నడిచేవి. ముందుకు చూసి ముందుకే వెళ్లేవి, అచ్చం మనలాగే. ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డున నూకాలు అనే పీత ఉండేది. అది నడుస్తుంటే చూడ్డానికి మిగతా పీతలన్నీ ఇసుకలో బారులు తీరేవి. అంత ఠీవిగా నడిచేది మరి.

నూకాలుకు ఒక్కటే జబ్బు. కంటపడింది ఏదీ వదిలేది కాదు. పగిలిన కొబ్బరిచిప్ప, తెగిన వలముక్క, ఎవరిదో ఒంటి చెప్పు, తడి నాచు, చేపపొలుసులు, అన్నీ డెక్కలతో పట్టుకుని బొరియలోకి ఈడ్చుకుపోయేది. ఇవన్నీ ఎందుకే తల్లీ అని ఎవరైనా అడిగితే, ఉంటే ఎప్పటికైనా పనికొస్తాయి అనేది. ఆ ‘ఎప్పటికైనా’ ఒక్కసారీ రాలేదు.

బొరియ ఇరుకైపోయింది. తిన్నగా వెళ్తే మొహానికి చెప్పు, వీపుకు చిప్ప తగిలేవి. అందుకని నూకాలు ఒళ్లు పక్కకు తిప్పుకుని, గోడ వారగా జరుగుతూ జరుగుతూ వెళ్లేది. బయటికి రాగానే మళ్లీ ఠీవిగా తిన్నగా నడిచేది. లోపలి భాగోతం ఎవరికీ తెలియకూడదు కదా.

ఆ ఇరుకులోనే దానికి బంగారి అనే పిల్ల పుట్టింది. పుట్టిన నెలకే బంగారికి దగ్గు పట్టుకుంది. గొంతులో గురగుర. కళ్లు వాచాయి, తిండి సయించదు. పాపం, తల్లి కదా, ఏం చేసిందో తెలుసా? మెత్తగా ఉంటుందని కొంగ ఈకలు తెచ్చి పరిచింది. వెచ్చగా ఉంటుందని ఇంకో మోపు నాచు తెచ్చి కప్పింది. తెచ్చినకొద్దీ దగ్గు ఎక్కువైంది.

చివరికి ఈ పాడు గాలే జబ్బు తెస్తోందని తేల్చేసి, చెప్పు అడ్డం పెట్టి గుమ్మం మూసేసింది. బిడ్డను వదిలి బయటికి రావడం కూడా మానేసింది. మూడు వారాలు ఆ చీకట్లో పక్కపక్కకే జరుగుతూ గడిపింది.

ఒక పొద్దున బంగారికి ఊపిరి అందలేదు. చిన్న కాళ్లు గిలగిలా కొట్టుకున్నాయి. నూకాలు గుమ్మం దగ్గరికి జరిగి, చెప్పు సందులోంచి గాలిని నోటికొచ్చినట్టు తిట్టింది.

గాలి అంతా విని నెమ్మదిగా అంది. “నూకాలూ, నేను మీ ఇంట్లో అడుగుపెట్టి నాలుగు నెలలైంది. లోపల చోటెక్కడుందని? రానేలేదు కదా, నీ బిడ్డకు జబ్బెలా తెచ్చాను?”

నూకాలు వెనక్కి తిరిగి తన ఇంటిని మొదటిసారి చూసింది. నాచు కుళ్లి బూజు పట్టింది. పొలుసుల మీద పురుగులు పాకుతున్నాయి. అంత కంపు ఇన్నాళ్లూ ముక్కుకు ఎలా తెలియలేదో దానికే అర్థం కాలేదు.

ఎప్పుడూ లేనంత పెద్ద పోటు వస్తోంది, అది వచ్చేలోగా అంతా తీసెయ్యమని గాలి తొందరపెట్టింది. లోపలికి నీళ్లు ఊరితే ఆ చెత్తంతా ఉబ్బి తల్లినీ పిల్లనీ నొక్కేస్తుంది.

ఇక చూడాలి హడావుడి! ముందు చెప్పు ఎగిరిపడింది. వెనకే వలముక్క, ఈకలు, నాచు. ఇరుగుపొరుగు పీతలు పరుగున వచ్చి అందుకున్నాయి. గాలి ఆ చెత్తను అంత దూరం దొర్లించింది. అలలు ఒక్కో అడుగే దగ్గరికొస్తున్నాయి. చివరికి కొబ్బరిచిప్ప ఒక్కటే మిగిలింది. నూకాలు మొట్టమొదట తెచ్చుకున్నది అదే. దాన్ని వాటేసుకుని కూర్చుండిపోయింది.

బంగారి సన్నగా అడిగింది. “అమ్మా, అది ఇక్కడుంటే నేనెక్కడ పడుకోను?”

అంతే. నూకాలు చిప్పను విసిరిన విసురుకు పైన ఎగిరే కొంగ కూడా బెదిరిపోయింది. ఖాళీ బొరియలోకి గాలి వచ్చింది, దాని వెనకే చారెడు ఎండ. బంగారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని అక్కడే నిద్రపోయింది. నీళ్లు రాకుండా నూకాలు ఇసుకతో గుమ్మం పూడ్చేసరికి పోటు వచ్చింది. పైన అలలు హోరుమన్నా లోపల ఇద్దరూ హాయిగా ఉన్నారు.

నీళ్లు వెనక్కి తగ్గేసరికి బంగారి లేచి ఆకలేస్తోందంది. తల్లికి ఎంత సంతోషమో చెప్పలేం. ఊరందరి ముందూ మళ్లీ తిన్నగా నడుద్దామని నూకాలు బయటికొచ్చి అడుగు వేసింది. ఒళ్లు పక్కకు పోయింది. ఇంకో అడుగు వేసింది. మళ్లీ పక్కకే. సామాను పోయింది గానీ అలవాటు పోలేదు. అందరితోపాటు అదీ పకపకా నవ్వింది.

బంగారికైతే తిన్ననడక తెలియనే తెలియదు. ఊపిరి తిరిగిన ఉషారులో ఒడ్డంతా పక్కకే పరుగులు తీసింది. ఆ పరుగు చూసి ముచ్చటపడి పిల్లపీతలన్నీ దాని వెంటపడ్డాయి. ఇక వాటికి తిన్నగా నడవాలనే అనిపించలేదు.

అప్పటినుంచే పీతలు పక్కకు నడుస్తున్నాయి. అప్పటినుంచే పోటు తగ్గగానే, తిండి సంగతి కూడా చూడకుండా, లోపలి ఇసుకంతా బయటికి విసిరేస్తున్నాయి. గాలి రావడానికి దారి ఉండాలి కదా, ఇంట్లో పసిపిల్లలుంటారు.