గోడలో కాపురమున్న ఈగలు

ఏ కాలంలోనో, మబ్బులు నడినెత్తిమీదుగా పోయే ఒక కొండసీమను పోలమదేవి అనే రాణి ఏలుతుండేది. అక్కడివాళ్లకు బేరిపళ్ల తోటలే బతుకు. పళ్లు దిగువ ఊళ్లకు పంపి, ధాన్యం తెచ్చుకునేవారు.

రాణికి శుభ్రమంటే ప్రాణం. ఒక చలికాలం, తోటలన్నీ అద్దంలా ఉండాలని ఆజ్ఞాపించింది. పనివాళ్లు మట్టిగోడల కన్నాలు పూడ్చి సున్నం కొట్టారు. గట్లమీది ఎండురెల్లు తగలబెట్టారు. చెట్ల మధ్య నేలంతా లోతుగా దున్నారు.

వసంతంలో పూత విరగబూసింది. పిందె మాత్రం పట్టలేదు. ఆ ఏడు కొండమీది పిల్లలు గంజితో సరిపెట్టుకున్నారు.

చెట్లు ముసలివైపోయాయని, కొట్టేసి సామలు చల్లిద్దామని మంత్రి బేతయ్య సలహా చెప్పాడు. ఇంత పూసిన చెట్టు ముసలిది ఎలా అవుతుందని రాణికి సందేహం.

"ఇంకొక్క పూత చూద్దాం, మంత్రిగారూ" అంది.

మళ్లీ పూత రాగానే తానే వెళ్లి చెట్టు కింద కూర్చుంది. తోటలో చప్పుడే లేదు. ఎంతోసేపటికి ఒక చిన్న నల్లని తేనెటీగ వచ్చి, సున్నం గోడను తడుముతూ అటూ ఇటూ తిరిగింది. తేనెపట్టు ఉండేది కొండచరియకు కదా, దీనికి గోడతో ఏం పని? రాణి కొప్పులోని సూది తీసి, సున్నం గీకి, ఒక కన్నం తెరిచింది. ఈగ చటుక్కున దూరింది. ఇక పొద్దుగూకేదాకా పూలకూ గోడకూ మధ్య తిరిగింది. రాణి తొంగిచూస్తే, లోపల పుప్పొడి ముద్ద, దానిమీద గుడ్డు. ఆఖరికి ఈగ బురద తెచ్చి తలుపు మూసి వెళ్లిపోయింది.

మర్నాడు ఇంకో రకం ఈగ కాలిన గట్టు చుట్టూ తిరుగుతూ కనిపించింది. రాణి బోలు రెల్లుకట్ట తెచ్చి పెడితే, ఆ ఈగ అందులో ఆకుముక్కలు పరిచి పిల్లలకు పొత్తిళ్లు అమర్చింది. మూడో రకం ఈగ, నాగలి తగలని కాలిబాట పక్కన నేల తవ్వుకుంటోంది.

ఇవి గుంపుగా పట్టు కట్టే ఈగలు కావు. ఏ తల్లి ఇల్లు ఆ తల్లిదే. పిల్లలు మళ్లీ పూత వచ్చేదాకా లోపలే ఉంటాయి. అది అర్థమయ్యేసరికి రాణి బేతయ్యను పిలిపించింది.

"చెట్లకేమీ కాలేదు, మంత్రిగారూ. పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే ఈగల్ని, చెత్తతోపాటు మనమే పూడ్చేశాం, కాల్చేశాం, దున్నేశాం."

బేతయ్య చెట్లు కొట్టడానికి తెప్పించిన గొడ్డళ్లను వెనక్కి పంపాడు. గోడల సున్నం గీకించారు. గట్లమీద రెల్లును పెరగనిచ్చారు. చెట్ల మధ్య కొంత నేల దున్నకుండా వదిలారు.

మరుసటి వసంతం, రాణి చూస్తుండగానే గోడలో ఒక మట్టి తలుపు లోపలినుంచి పగిలింది. సన్నని మీసాలు రెండు బయటికొచ్చాయి. ఆ పక్కనే మరొకటి పగిలింది. ఆ ఏడు కాపు బరువుకు కొమ్మలు నేలకు వంగాయి.

దేన్నయినా పనికిరానిదని తీసిపారేసే ముందు, అది ఎవరి ఇల్లో తెలుసుకోవాలి.