ఆదెమ్మ అడుగు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, చింతేరు అని ఒక ఏరు ఉండేది. ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల ఒక రాజ్యం. ఆ రాజులిద్దరికీ పడేది కాదు, తరచు యుద్ధాలు చేసుకునేవారు. ఇవతలి గట్టు మీద మొగలివలస అనే ఊళ్ళో ఆదెమ్మ అనే ముసలమ్మ ఒంటరిగా బతికేది. ఆమె నోట అబద్ధం రాదని ఊరంతా చెప్పుకునేవారు.

ఒక ఏడు వానలు పడలేదు. మరుసటి ఏడూ పడలేదు. చింతేరు ఎండి ఇసుక తేలింది. పశువులు పోయాయి. పచ్చని చెట్లు మోడులయ్యాయి.

ఇవతలి రాజు వీరకేసరి తన గాదెలు తెరిపించాడు. ఊరూరా చోళ్ళతో, అంటే రాగులతో, అంబలి కాచి పొయ్యమన్నాడు. దాంతోపాటే ఒక ఆజ్ఞ వేశాడు. "అవతలి గట్టువాళ్ళు మన శత్రువులు. వాళ్ళలో ఎవరు ఏరు దాటి వచ్చినా తరిమెయ్యండి! వాళ్ళకి గుక్క అంబలి కూడా పొయ్యకండి!"

మొగలివలసలో అంబలి కాచే పని ఆదెమ్మకు అప్పగించారు. అందరికీ పోశాక కుండ అడుగున మిగిలినది కాచినవాళ్ళదే. అది అక్కడి ఆచారం. ఆదెమ్మ ఆ అడుగును ముంతలోకి గీకి, కొంగు కప్పి పట్టుకుపోయేది. ఎవరి ముందూ తాగేది కాదు.

కరువు ముదిరింది. ఊరి కళ్ళు ఆ ముంత మీద పడ్డాయి. అదే సమయానికి ఆదెమ్మ ముఖం ఉబ్బింది, పాదాలు లావెక్కాయి. తిండి లేకపోయినా ఒళ్ళు అలా అవుతుందని ఎవరికీ తోచలేదు. బాగా తిని ఒళ్ళు చేసిందనుకున్నారు.

ముందుగా పొరుగింటి సన్యాసమ్మ అడిగింది. "ఏం వదినా, మాకు పై తేట పోసి, చిక్కనిదంతా నువ్వు తాగుతున్నావా?"

"కుండ బాగా కలిపే పోశాను సన్యాసమ్మా. అడుగు కూడా నేను తాగలేదు."

"మరి ఎవరు తాగారు?"

ఆదెమ్మ ముంత మీద కొంగు సర్దుకుని నడిచి వెళ్ళిపోయింది.

తరవాత ఊరిపెద్ద సింహాద్రి నాయుడు పిలిపించి అడిగాడు. అప్పుడూ అదే జవాబు. "నేను తాగలేదు నాయుడూ. ఎవరు తాగారో మాత్రం అడక్కు."

చివరికి కరువు చూడడానికి వచ్చిన రాజే ఆమెను నిలదీశాడు.

"ముసలమ్మా, ఆ అంబలి ఎక్కడికి పోతోంది?"

"ఆకలిగా ఉన్నవాళ్ళ నోట్లోకి ప్రభూ."

"ఎవరు వాళ్ళు?"

"చెప్పలేను ప్రభూ. చెబితే వాళ్ళు బతకరు."

"కట్టుకథ!" అన్నాడు రాజు. ఆమె చేతిలోని గరిటె లాగి సన్యాసమ్మకు ఇప్పించాడు. "ఇకనుంచి ఈమె కూడా అందరితోపాటు వరసలో నిలబడాలి. అందరికీ పోసినంతే ఈమెకూ పొయ్యాలి."

ఆ రోజు సన్యాసమ్మ నోట ఒక మాట పుట్టి ఊరంతా పాకింది. ఎవరైనా ఏదైనా దాచుకుంటే, "ఇదుగో, ఆదెమ్మ అడుగు!" అని వెక్కిరించేవారు. పిల్లలు ఆమె వెనకాల ఆ మాట పాటలా పాడేవారు. ఆదెమ్మ వెనక్కి తిరిగి చూసేది కాదు. వరసలో నిలబడి, తన వంతు ముంతలో పోయించుకుని, కొంగు కప్పుకుని వెళ్ళిపోయేది.

సన్యాసమ్మకు అనుమానం తీరలేదు. ఒక సాయంత్రం ఆమె వెనకే నడిచింది.

ఆదెమ్మ ఇంటికి పోలేదు. ఏటి ఇసుకలోకి దిగింది. పది అడుగులు వెయ్యడం, కూలబడడం, మళ్ళీ లేవడం. అలా అవతలి గట్టు దాకా పోయింది. అక్కడ మొగలి పొదల చాటున నలుగురైదుగురు పిల్లలు ఉన్నారు. యుద్ధంలో ఇళ్ళు కాలి, తల్లీ తండ్రీ పోయిన పిల్లలు. ఎముకల గూళ్ళలా ఉన్నారు. ఆదెమ్మ ఆకు దొన్నెల్లో తలా కాస్త అంబలి పోసింది. ముంత ఖాళీ అయిపోయింది.

ఒక చిన్నపిల్ల తన దొన్నె చాచింది. "నీకేది అవ్వా? ఇందులోది తాగు."

"నేను ఊళ్ళో కడుపునిండా తాగే వచ్చాను తల్లీ," అంది ఆదెమ్మ.

పొద చాటున సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆదెమ్మ ఆడిన అబద్ధం అదొక్కటే.

తెల్లవారగానే సన్యాసమ్మ కుండ దించి, మొదటి గరిటె అంబలి పట్టుకుని ఆదెమ్మ గుడిసెకు పరుగెత్తింది. ఆదెమ్మ చాప మీదనుంచి లేవలేకపోయింది.

"వదినా, నిన్న చూశాను. నన్ను చెప్పుతో కొట్టు. ముందు ఈ గుక్క తాగు."

ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు గొంతు దిగదమ్మా. అవతల వాళ్ళు ఎదురుచూస్తూంటారు. పొద్దెక్కితే ఇసుక కాలుతుంది, బేగి వెళ్ళు."

అదే ఆమె ఆఖరి మాట.

సన్యాసమ్మ ఆ అంబలిని అవతలి గట్టుకు మోసుకుపోయి పిల్లలకు పోసింది. తిరిగి వచ్చి, ఏడుస్తూ ఊరందరికీ చెప్పింది. తరవాత రాజు దగ్గరికి వెళ్ళి, "ప్రభూ, నేను మీ ఆజ్ఞ తప్పాను. తల తీయించండి. కానీ ముందు ఆ పిల్లల్ని చూడండి," అంది.

రాజు ఏటి ఇసుకలో కాలినడకన వెళ్ళి పిల్లల్ని చూశాడు. శత్రువు ముఖం ఎలా ఉంటుందో వాళ్ళలో వెతికాడు. ఆకలి తప్ప ఏమీ కనబడలేదు. ఆ పూటే ఆజ్ఞ రద్దు చేశాడు. అవతలి గట్టు మీద కూడా పొయ్యి వెలిగింది. ఆదెమ్మ పాడెను తన భుజాన మోశాడు.

"ఆ వెక్కిరింపు మాట ఇక ఎవరూ అనకూడదని చాటింపు వేయించనా?" అని అడిగాడు.

సన్యాసమ్మ తల అడ్డంగా ఊపింది. "నోళ్ళలో పడిన మాట చాటింపుతో పోదు ప్రభూ. మొదట అన్నది నేనే. దాని అర్థం నేనే మారుస్తాను."

ఆనాటినుంచి ఆమె ముందుగా ఒక ముంత నిండా చిక్కటి అంబలి తీసి పక్కన పెట్టేది. "ఇది ఎవరికి?" అని ఎవరైనా అడిగితే, "ఆదెమ్మ అడుగు. వచ్చి అడగలేనివాళ్ళకి," అనేది. ఆ తరవాత వానలు పడ్డాయి, చింతేరు పొంగింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అయినా ఆ రెండు గట్ల మీదా, మంచాన పడ్డవాళ్ళకో, దారి తప్పి వచ్చేవాళ్ళకో ప్రతి ఇంట్లోనూ తీసి ఉంచే ముద్దకు అదే పేరు నిలిచిపోయింది.

ఆ పేరును అందరూ ప్రేమగా పలుకుతారు. ఆదెమ్మ మాత్రం దాన్ని వెక్కిరింపుగానే విని వెళ్ళిపోయింది.

అందుకే పిల్లలూ, ఒక మనిషి మౌనం వెనక ఏముందో తెలియకుండా ఆ మనిషికి పేరు పెట్టకూడదు. తప్పు తెలుసుకుని దిద్దుకునే వేళకు, వినడానికి ఆ మనిషి ఉండకపోవచ్చు.