మోకాలెత్తు గింజల కుప్ప

అనగనగా ఒక అడవి ఉండేది. చిన్నాచితకా అడవి కాదర్రా! ఈ కొసన మొదలైన వాన ఆ కొసకు చేరేసరికి ఎండాకాలం వచ్చేసేది. అంత అడవికీ ఒక్కటే బడి. ఆ బడికి ఒక్కతే పంతులమ్మ. ఆమె ఒక ఉడుత. పేరు చిటికెమ్మ.

చిటికెమ్మకు కుదురంటే ఏమిటో తెలియదు. నిద్రలో కూడా తోక ఊగుతూనే ఉండేది. ఆ గాలికి పక్క కొండమీది కొంగలు గూళ్లతో సహా ఎగిరిపోయి, పొద్దున్నే తిట్టుకుంటూ వెనక్కి వచ్చేవి.

బడి చింతతోపులో ఉండేది. ఆ బడిలో హాజరు వేసే పద్ధతి వేరు. పిల్లలు వస్తూ వస్తూ తమ ఇంటి దగ్గర రాలిన పండు గింజ ఒకటి తెచ్చి, గుమ్మం ముందు వెయ్యాలి. తోపులోని కోతిపిల్లలు చింతపిక్క వేసేవారు. వాగు ఒడ్డు తాబేటిపిల్లలు నేరేడు గింజ. రాళ్లగుట్ట ముళ్లపంది పిల్లలు సీతాఫలం గింజ. గడ్డిబీడులోని కౌజుపిట్ట పిల్లలు రేగు గింజ. అన్నీ కలిసి ఒక కుప్ప అయ్యేది.

ఏడాదికోసారి తనిఖీకి ఏనుగు గుమ్మడమ్మ వచ్చేది. కుప్ప పక్కన కాలు పెట్టి కొలిచేది. కుప్ప ఆమె మోకాలు దాటిందా, బడి ఉంటుంది. దాటలేదా, బడి మూత. అది మృగరాజు ఆజ్ఞ.

ఈ ఏడు తనిఖీ దగ్గర పడింది. చిటికెమ్మ కుప్ప చుట్టూ తిరిగింది. పైకెక్కింది. కిందికి దిగింది. ఎటు నుంచి చూసినా మోకాలికి జానెడు తక్కువే!

"అయిపోయింది అప్పన్నా, నా బడి అయిపోయింది!" అంది.

అప్పన్న అంటే కాకి. బడిలో గంట కొట్టేది అతనే.

"ఊరుకో పంతులమ్మా, నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు అప్పన్న. "జానెడేగా! తోపు నిండా పిక్కలున్నాయి. నాలుగుసార్లు ముక్కునిండా తెచ్చి పోశానంటే సరి. ఏనుగుకు మోకాలు కనబడుతుంది గానీ పిక్క ఎవరు వేశారో కనబడుతుందా?"

చిటికెమ్మ తోక ఒక్క క్షణం ఆగింది. అడవి అడవంతా ఉలిక్కిపడింది, ఆ తోక ఆగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు మరి!

"సరే, పోసెయ్," అంది.

అప్పన్న తెచ్చాడు, పోశాడు. కుప్ప పెరిగింది. చిటికెమ్మకు మాత్రం లోపల ఏదో గీకుతున్నట్టు ఉంది. కుప్ప వైపు చూసింది. ఖాళీగా ఉన్న బడి వైపు చూసింది.

"అప్పన్నా, పిక్కలొచ్చాయి సరే. పిల్లలేరీ?"

"అదేం ప్రశ్న?"

"తీసెయ్. నువ్వు పోసినవన్నీ తీసెయ్!"

"పోయమన్నదీ నువ్వే, తీయమన్నదీ నువ్వే! నా ముక్కు అరిగి పిచ్చుక ముక్కయ్యేలా ఉంది," అని గొణుక్కుంటూ అప్పన్న తీశాడు.

అప్పుడు చిటికెమ్మ కుప్పలో దూకింది. గింజ తీసి అటు, గింజ తీసి ఇటు. ఆమె చేతుల వేగానికి గింజల్లో నిప్పురవ్వలు లేచాయి! కాసేపటికి ఒక్క కుప్ప నాలుగు కుప్పలైంది. చింతపిక్కల కుప్ప కొండంత. నేరేడు గింజలు గుప్పెడు. రేగు గింజలు చిటికెడు. సీతాఫలం గింజలు ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి.

"చూశావా అప్పన్నా! ఇన్నాళ్లూ కుప్ప ఎత్తు చూసి మురిసిపోయాను. కుప్పలో ఎవరు లేరో చూడలేదు," అంది.

"అల్లరి పిల్లలు, సోమరి పిల్లలు. రారు. ఏం చేస్తాం?"

"అడుగుతాం!" అంది చిటికెమ్మ. ఆ మాట అప్పన్న చెవిలో పడేసరికి ఆమె వాగు దగ్గరుంది.

వాగు ఒడ్డున తాబేలు నిమ్మళమ్మ ఎండలో కూర్చుంది.

"నిమ్మళమ్మా, నీ పిల్లలు బడికెందుకు రావడం లేదు?" అని చిటికెమ్మ గసపెడుతూ అడిగింది.

నిమ్మళమ్మ మెడ బయటికి తీసింది. నిదానంగా. ఈలోపు రెండు పూలు పూసి రాలిపోయాయి.

"రాకపోవడమేమిటి తల్లీ? రోజూ వస్తున్నారు. చుక్క ఉండగానే బయల్దేరతారు. దారిలో పెద్ద బండ అడ్డం. చుట్టూ తిరిగి చేరేసరికి మీ కాకి గంట కొట్టేస్తాడు. గంటయ్యాక వచ్చినవాళ్లు గింజ వెయ్యకూడదు, ఇంటికి పోవాలి అని నువ్వేగా అన్నావు?"

నిమ్మళమ్మ పక్కకు జరిగింది. ఆమె వెనక నేరేడు గింజల గుట్ట ఉంది. పిల్లలు బడిదాకా మోసి, వెయ్యనివ్వక వెనక్కి తెచ్చుకున్న గింజలు.

చిటికెమ్మ చెంపలు వేసుకుంది. రాళ్లగుట్టకు పరిగెత్తింది.

అక్కడ ముళ్లపంది వీరన్న గుర్రు పెడుతున్నాడు. ఆ గురకకు గుట్టమీది రాళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి.

"వీరన్నా! లే! పిల్లలను బడికి పంపవేం?"

"ఎవరది అర్ధరాత్రి వేళ?" అన్నాడు వీరన్న కళ్లు తెరవకుండానే.

"అర్ధరాత్రేమిటి, పట్టపగలు!"

"నీకు పట్టపగలు. మాకు అర్ధరాత్రి. రాత్రంతా దుంపలు తవ్వి తెల్లారి పడుకునే జాతి మాది. నడి నిద్రలో లేపి నిన్ను ఎక్కాలు చెప్పమంటే చెబుతావా పంతులమ్మా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

చిటికెమ్మ గడ్డిబీడుకు పరిగెత్తింది. అక్కడ కౌజుపిట్ట పిల్ల పైడి, రెక్కల కింద చెల్లెళ్లను, తమ్ముళ్లను దాచుకుని కూర్చుంది. ఒకడు ఇటు తప్పించుకుంటే ముక్కుతో లాగుతోంది, ఒకతి అటు పోతే కాలితో ఆపుతోంది.

"అమ్మ గింజలేరడానికి పోయిందండీ. నేను బడికొస్తే వీళ్లను గద్ద ఎత్తుకుపోతుంది," అంది పైడి. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "పంతులమ్మగారూ, నిన్న ఏం పాఠం చెప్పారు?"

ఆ ఒక్క ప్రశ్న చిటికెమ్మ గుండెలో ముల్లులా దిగింది.

తిరిగొచ్చి ఆమె మూడు పనులు చేసింది. తాబేటిపిల్లలు ఎప్పుడొస్తే అప్పుడే గింజ వెయ్యొచ్చు, వాళ్లకు పాఠం మళ్లీ మొదటి నుంచి చెబుతానంది. ముళ్లపందుల కోసం పొద్దు వాలే వేళ ఇంకో తరగతి పెట్టింది. బడి పక్కన కంచె కట్టించి, పసివాళ్ల కాపలా అప్పన్నకు అప్పగించింది.

పైడి వాళ్లమ్మ గయ్యిమంది. "కాకికి పిల్లలను అప్పగించడమా! దొంగకు తాళాలిచ్చినట్టే!"

"గద్దను తరమడంలో కాకిని మించినవాడు లేడమ్మా," అంది చిటికెమ్మ. "అప్పన్నా, ఒక్క పిల్ల మీద ముక్కు పడిందో, ఆ ముక్కు నీకుండదు!"

"నా పరువంతా ఈ కంచెలోనే ఉంది," అని అప్పన్న నిట్టూర్చాడు.

కొత్త గింజలు పడటం మొదలైంది. అంతలోనే తనిఖీ రోజు వచ్చేసింది. ఇంకొన్నాళ్లు ఆగితే దాని సొమ్మేం పోయింది!

పొద్దున్నే నేల అదిరింది. గుమ్మడమ్మ వచ్చింది. దారిలో ఆమె ఒక్కసారి తుమ్మితే మూడు కొండలు పక్కకు జరిగాయి.

"ఇదేమిటి? నాలుగు కుప్పలా?" అంది.

"కలిపి చూస్తే రానివాళ్లు కనబడరు పెద్దమ్మా, అందుకని విడదీశాను."

"నాకు రాజుగారు చెప్పింది ఒక్క కుప్ప. కలుపు."

చిటికెమ్మ కలిపింది. గుమ్మడమ్మ కాలు పెట్టింది. తక్కువే! బడి మూతకు గుర్తుగా ఆమె గంట తీసేయడానికి తొండం ఎత్తింది.

"పొద్దుగూకేదాకా ఆగండి పెద్దమ్మా! నా బడి ఇంకా పూర్తిగా రాలేదు," అని చిటికెమ్మ ఆ తొండానికి వేలాడింది.

"పొద్దుగూకేదాకానా? చేటంత చెవులున్నా ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు," అంది గుమ్మడమ్మ. అయినా ఆగింది.

ఆ రోజు సూర్యుడు కావాలనే మేకు కొట్టినట్టు నిలబడ్డాడు. చిటికెమ్మ చెట్టెక్కి దారి చూసింది. దిగింది. మళ్లీ ఎక్కింది. ఆ చెట్టు బెరడు అరిగి అద్దంలా మెరిసింది. మొదట పైడి వచ్చింది, వెనక పసివాళ్ల బారుతో. ఎండ నడినెత్తికి వచ్చాక తాబేటిపిల్లలు వచ్చారు, దుమ్ము కొట్టుకుపోయి. పొద్దు వాలాక ముళ్లపంది పిల్లలు ఆవలిస్తూ వచ్చారు. వచ్చినవాళ్లందరూ గింజలు వేశారు.

గుమ్మడమ్మ మళ్లీ కొలిచింది. ఇంకా వేలెడు తక్కువ.

చిటికెమ్మ చెవులు వాలిపోయాయి. పైడి పసివాళ్లను దగ్గరికి లాక్కుంది.

గుమ్మడమ్మ కుప్పను తొండంతో కదిపి, ఒక సీతాఫలం గింజను ఏరి చూసింది.

"ఏడు అడవుల బడులు కొలిచాను," అంది మెల్లగా. "నా మోకాలు దాటిన కుప్పలెన్నో చూశాను. వాటిలో ఈ గింజ ఒక్కటైనా ఉందా అని ఎప్పుడూ చూడలేదే! పంతులమ్మా, మళ్లీ విడదియ్యి."

చిటికెమ్మ విడదీసింది. గుమ్మడమ్మ పెద్ద కుప్పను వదిలేసి, అన్నిట్లోకి చిన్న కుప్ప పక్కన కాలు పెట్టింది.

"ఇకమీద నేను కొలిచేది దీన్ని. ఇది పెరుగుతున్నంతకాలం బడి ఉంటుంది. పెరగని చోట మూయడం కాదు, ఏం కావాలని అడుగుతాను. రాజుగారు గర్జిస్తారా? గర్జించనీ, నేను తుమ్ముతాను. ముందు చెప్పు, నీకేం కావాలి?"

"వాగు దారిలో ఆ బండ, పెద్దమ్మా..."

"పొద్దున్నే తోసేస్తా. ఇంకేం? ఇవాళ ఎవరైనా రానివాళ్లున్నారా?"

గుమ్మడమ్మ తల తిప్పి చూసింది. వీరన్న పిల్లల్లో కడగొట్టువాడి చోటు ఖాళీగా ఉంది. పంతులమ్మ చోటూ ఖాళీగా ఉంది. రాళ్లగుట్ట వైపు పొదలు మాత్రం సర్రున ఊగుతున్నాయి.

నీతి: వచ్చినవాళ్లను లెక్కపెట్టి మురిసిపోవద్దు, రానివాళ్లెవరో చూసి, ఎందుకు రాలేదో వాళ్ల గుమ్మానికి వెళ్లి అడగాలి.