మిణుగురుల సినిమాలో పద్నాలుగు తప్పులు

పిల్లల్ని బొమ్మల సినిమాకు తీసుకెళ్లి వచ్చిన పెద్దలారా, ముందు ఒక్కటి చెప్పండి. రెండు గంటలు చీకట్లో కూర్చున్నారు కదా, ఏం చూశారు? కథ చెప్పమనడం లేదు. బాగుందా బాగాలేదా అనీ అడగడం లేదు. మీ కళ్లు ఏం చూశాయి? చప్పున జవాబు రాకపోతే సిరిసిల్ల లక్ష్మీరాజం సంగతి వినండి.

ఆడెపు లక్ష్మీరాజం సిరిసిల్లలో ఒక బట్టల కార్ఖానాలో తనిఖీ పని చేసేవాడు. దేన్ని చూసినా అందులో తప్పు వెతకందే ఆయనకు ముద్ద దిగేది కాదు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన గుడ్డ ఆయన ముందున్న ఏటవాలు అద్దం మీదుగా పారుతూ ఉండేది. అద్దం కింద ట్యూబులైటు వెలుగుతుండేది. ఒక పోగు తెగినా, నూనె చుక్క పడినా ఆయన చేతిలోని సుద్దముక్క అక్కడ గీత గీసేది. గీత పడిన గుడ్డ మంచి గుడ్డల్లో కలవదు. తీసి మూలన పడేస్తారు. ఇరవై ఏళ్లలో ఆయన కన్నుగప్పి ఒక్క తెగిన పోగు కూడా బయటికి పోలేదని సేటు సైతం ఒప్పుకునేవాడు.

ఆ చేయి ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. భార్య వనజ బీడీలు చుట్టేది. ఒకసారి ఆమె చాటలోంచి వంకర బీడీలు ఏరి పక్కన పెట్టాడు.

"ఏరెటోడు కంపెనీల ఉన్నడు. ఇంట్ల గూడ ఒకడు కావాల్నా?" అని ఆమె చాట అటు తిప్పుకుంది.

అన్నిటికంటే ఆయనకు ఎక్కువ అనుమానం బొమ్మల సినిమాల మీద. దానికి కారణం ఉంది. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం బడి గోడ మీద తెల్లగుడ్డ కట్టి బొమ్మల సినిమా వేశారు. అందులో ఒక నక్క బండరాయి కింద పడి అప్పడంలా అయింది. మరుక్షణం లేచి దులుపుకుని పరుగెత్తింది. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. లక్ష్మీరాజం నవ్వలేదు. అంతకు నెల ముందే ఆయన తండ్రి చేయి సాంచె బెల్టులో పడి నలిగింది. ఆ చేయి మళ్లీ లేవలేదు. చదువు మాని నూలు కండెలు చుట్టే పనికి కుదిరిన పిల్లవాడు, ఆ పని నుంచే వచ్చి, వెనక నిలబడి ఆ నక్కను చూశాడు. నొప్పి తెలియనివాళ్ల మాట నమ్మకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కష్టపడినవాడికి దొంగ నవ్వు దూరం నుంచే తెలుస్తుంది.

కానీ ఆయన కూతురు రుత్వికకు బొమ్మల సినిమాలంటే ప్రాణం. నాలుగో తరగతి చదువుతుండేది. టీవీకి జానెడు దూరంలో, దాదాపు అద్దానికి ముక్కు ఆనించి కూర్చునేది.

"సూడు, ఆ పెట్టె పిల్లను ఎట్ల గుంజుకుంటున్నదో," అని తండ్రి అనేవాడు.

అంతలో బడి నుంచి కబురొచ్చింది. రుత్విక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాస్తోందట. టీచరమ్మ మూడుసార్లు పట్టుకుందట. గురుకులం పరీక్షకు ఇంకా రెండు నెలలే ఉంది. అందులో సీటు వస్తేనే ఆ పిల్లకు పై చదువు. లేకపోతే తల్లి పక్కన మరో చాట పడుతుంది. లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది.

"దొంగతనం నేర్పింది ఆ బొమ్మలే," అన్నాడు.

"బొమ్మలు చెప్పినయా, పోయి కాపీ కొట్టుమని?" అంది వనజ.

"చెప్పకుంటనే చెప్తయ్. నేనే జూస్త. తప్పు దొరికిందా, టీవీ మీ అన్న ఇంటికి పంపుత."

ఆ వారమే ఊళ్లోకి మిణుగురు పురుగుల బొమ్మల సినిమా వచ్చింది. ఆదివారం పొద్దుటాటకు లక్ష్మీరాజం తానే కూతుర్ని తీసుకెళ్లాడు. పిల్ల సంబరపడింది. తండ్రి దొంగను పట్టడానికి పోయే పోలీసులా నడిచాడు.

టికెట్ల దగ్గర రుత్విక ఆయన చొక్కా పట్టుకుంది. "బాపూ, ముంగట కూసుందాం."

"ముంగట ఎందుకు?"

"దగ్గరుంటది."

"దగ్గరుంటె మెడలు నొస్తయ్," అని వెనక వరుసకే టికెట్లు తీసుకున్నాడు. అక్కడి నుంచైతే తెరా కనిపిస్తుంది, తెర ముందు పిల్లలు ఏమవుతున్నారో అదీ కనిపిస్తుందని ఆయన లెక్క.

సినిమా మొదలైంది. ఒక మిణుగురుల గుంపు. అందులో ఒక పిల్ల మిణుగురుకు దీపం వెలగదు. లక్ష్మీరాజం వేళ్ల మీద తప్పులు లెక్కపెట్టసాగాడు. వానలో ఎగిరిన పురుగు రెక్క తడవలేదు, ఒకటి. చంద్రుడు ఒకవైపు ఉంటే చెట్టు నీడ కూడా అటే పడింది, రెండు. తాత పురుగు చచ్చిపోయాక పాట రావడానికి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు, మూడు. పక్కన రుత్విక కుర్చీ అంచుకు జరిగి, మెడ సాచి, కళ్లు చిట్లించి చూస్తోంది. ఒకచోట ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. చీకట్లో తండ్రి చేయి వెతికి పట్టుకుంది. ఆయన నెమ్మదిగా చేయి విడిపించుకున్నాడు. వేళ్లు ఆయనకు లెక్కకు కావాలి.

బయటికొచ్చాక మిర్చి బండి దగ్గర నిలబడ్డారు.

"ఏం జూసినవ్ బాపూ?" అని రుత్విక అడిగింది.

"పద్నాలుగు తప్పులు జూసిన," అన్నాడు తండ్రి. పద్నాలుగూ వరసగా చెప్పాడు. మిర్చి వేస్తున్నవాడు గరిటె ఆపి విన్నాడు.

"గింత గనం జూసినవు, సినిమా నువ్వే తియ్యకపోతివి అన్నా," అన్నాడు వాడు.

లక్ష్మీరాజం వాడి మాట పట్టించుకోలేదు. కూతురి వైపు తిరిగాడు. "ఇగ నువ్వు చెప్పు. నువ్వేం జూసినవ్?"

రుత్విక చెప్పడం మొదలుపెట్టింది. తాత గొంతు ఎట్లా వణికిందో చెప్పింది. వాన చప్పుడు చెప్పింది. పిల్ల మిణుగురు పాడిన పాట ఒక్క మాట పొల్లుపోకుండా పాడింది. వింటూ వింటూ లక్ష్మీరాజం కనుబొమ్మలు ముడిపడ్డాయి. గుడ్డ పారుతుండగా ఎక్కడో పోగు తెగినట్టు అనిపించింది ఆయనకు. పిల్ల చెప్పేదంతా చెవికి అందినదే. కంటికి అందింది ఒక్కటీ లేదు.

ఇది సినిమా చూడనే లేదా, అబద్ధమాడుతోందా అని అనుమానపడి చిక్కు ప్రశ్న వేశాడు. "ఆ పిల్లపురుగు మెడల ఏమున్నది?"

"ఏమున్నది?" అంది రుత్విక.

"ఎర్ర దారం. సినిమా పొడుగూత ఉన్నది. సరె, అగో ఆ గోడ మీద బొమ్మ ఉన్నది గద. దాంట్ల ఎన్ని పురుగులున్నయో చెప్పు."

రోడ్డుకు అవతల, మనిషంత ఎత్తున సినిమా పోస్టరు ఉంది. దాని మీద ఐదు మిణుగురులు, ఒక్కొక్కటి గుమ్మడికాయంత.

రుత్విక అటు చూసింది. కళ్లు చిట్లించింది. తండ్రి మొహంలోకి చూసింది. మళ్లీ అటు చూసింది.

"ఏ గోడ బాపూ?" అంది.

లక్ష్మీరాజం చేతిలోని మిర్చి కాగితం జారిపోయింది. ఆయన కింద కూర్చున్నాడు, పిల్లకు ఎదురుగా.

"ఎప్పటి నుంచి?"

"దసరా కాడ్నుంచి. బోర్డు మీద అంత పొగ లెక్కుంటది. గందుకే నందిని పుస్తకంల జూసి రాసుకుంటున్న. అది కాపీ కాదు బాపూ. టీచర్ రాసిందే నేను రాసుకుంటున్న."

"మరి నాకెందుకు చెప్పలె?"

పిల్ల తల దించుకుంది. "చెప్తె సుద్దగీత పెడ్తవ్ గద."

ఆయన పిల్ల రెండు భుజాలూ పట్టుకున్నాడు. రుత్వికే అంది: "ఆ మిణుగురు పిల్ల గూడ గంతే. దీపం ఎలుగుతలేదని చెప్తె గుంపుల నుంచి తీసేస్తరని చెప్పదు. అందరి ఎన్క ఎన్కనే ఎగురుత అని పాటల పాడింది. గందుకే ఏడుపచ్చింది నాకు."

పద్నాలుగు తప్పుల్లో అది తొమ్మిదోది. దీపం లేని పురుగు అంత దూరం దారి తప్పకుండా ఎట్లా ఎగిరిందని ఆయన తొమ్మిదో వేలు ముడిచాడు. ఎట్లా ఎగురుతుందో ఇప్పుడు తెలిసింది.

మర్నాడు కార్ఖానా మానేసి పిల్లను కరీంనగర్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ రెండు కళ్లూ చూసింది. ఎడమ కంటిని రెండుసార్లు చూసింది.

"రెండింటికీ చూపు తక్కువ. ఎడమదానికి మరీ తక్కువ," అంది. "ఇప్పుడు అద్దాలు పెడితే ఆ కన్ను మెల్లగా పని నేర్చుకుంటుంది. ఇంకో రెండు మూడేళ్లు పోయుంటే, ఏ అద్దం పెట్టినా కష్టమయ్యేది. మీరేం పని చేస్తారు?"

"గుడ్డ సూస్త మేడం," అన్నాడు లక్ష్మీరాజం. "తప్పులుంటె పట్టుకుంట." ఆ తర్వాత ఆయన తలెత్తలేదు.

నాలుగు రోజులకు అద్దాలు వచ్చాయి. రుత్విక పెట్టుకుని చుట్టూ చూసింది. గోడ గడియారం ముల్లు చూసింది. అమ్మ చాటలో ఆకు ఈనెలు చూసింది. చివరికి తండ్రి దగ్గరికొచ్చి ఆయన మొహాన్ని చాలాసేపు చూసింది.

"బాపూ, నీ కనుబొమ్మల్ల సుద్ద ఉన్నది," అంది.

వనజ చుట్టే బీడీ చేతిలోనే ఉంచుకుని నవ్వింది. "ఇన్నేండ్లకు నీ మీద గీత వడ్డది."

లక్ష్మీరాజం తుడుచుకోలేదు. లేచి బడికి నడిచాడు. తన బిడ్డ దొంగ కాదని టీచరమ్మకు చెప్పాడు. ముందు బెంచీలో కూర్చోబెట్టమని అడిగాడు. రెండు నెలల తర్వాత రుత్విక ప్రశ్నపత్రాన్ని తన కళ్లతోనే చదివి గురుకులం పరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది.

ఆయనకు బొమ్మల సినిమాలు ఇప్పటికీ ఎక్కవు. బండ కింద నలిగి లేచే నక్కను ఆయన ఇప్పటికీ నమ్మడు, నమ్మనక్కరలేదు కూడా. అయినా కూతురితో పోతాడు. ముందు వరుసలో కూర్చుని, తెరకు సగం వీపు పెట్టి, పిల్ల మొహం చూస్తుంటాడు. చేయి మాత్రం ఖాళీగా ఉంచుకుంటాడు.

పిల్లలకు నచ్చింది మనకు నచ్చకపోవడం తప్పు కాదు. దాని మీది అనుమానంతో పిల్లల్నే చూడకపోవడం తప్పు. తప్పులు వెతికే కంటికి తప్పులే దొరుకుతాయి, పక్కనున్న మనిషి దొరకడు.

ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. ఆ రెండు గంటలూ మీ పక్క కుర్చీలో ఉన్న బిడ్డ ఎక్కడ ఏడ్చింది, ఎందుకు ఏడ్చింది?