మగ్గం గుంటలో చుట్టం

అనగనగనగా, ఇంటికో మగ్గం ఆడే ఒక ఊళ్ళో పున్ని అని ఒక పిల్ల ఉండేదిరా కన్నా. ఇటు తిరుగు. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. మధ్యమధ్యలో ఊఁ కొట్టకపోతే ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

పున్ని వాళ్ళ నాన్న పేరు మార్కండేయులు. చీరలు నేసేవాడు. వాళ్ళది గుంట మగ్గం. అంటే ఏమిటంటావా? ఇంట్లోనే నేలలో ఒక గుంట తవ్వుతారు. నేసే మనిషి గట్టు మీద కూచుని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగున ఉన్న చెక్కల్ని తొక్కుతూ నేస్తాడు. ఎండాకాలం కూడా ఆ గుంట చల్లగా, చెమ్మచెమ్మగా ఉంటుంది. ఆ చెమ్మ ఉంటేనే నూలు తెగకుండా ఉంటుంది మరి.

పున్ని పనేమో కండెలు చుట్టడం. బడి నుంచి రాగానే సంచీ ఒక మూల పడేసి, రాట్నం ముందు కూచుని, నాన్నకి కావలసిన నూలు కండెలు చుట్టిపెట్టేది. అన్నిటికీ ధైర్యమే ఆ పిల్లకి. ఒక్క పామంటే మాత్రం ప్రాణం పోయేది. దారిలో తాడు పడి ఉన్నా కాలు వెనక్కి లాక్కునేది.

అప్పుడు వాళ్ళమ్మ భద్రావతి నిండు నెలలతో ఉంది. లేచినా ఆయాసమే, కూచున్నా ఆయాసమే. పున్ని రోజూ అమ్మ పొట్టకి చెవి ఆనించి, "ఒసేయ్, తొందరగా రావే" అనేది. చెల్లెలే పుడుతుందని ఎవరూ చెప్పకుండానే తేల్చేసుకుంది.

ఒకనాడు మార్కండేయులు అన్నానికి లేచాడు. పున్ని చేతిలో కండె జారి, దొర్లుకుంటూ పోయి మగ్గం గుంటలో పడింది. పున్ని వంగి చూసింది. అడుగున నాన్న తలగుడ్డ చుట్టబెట్టి ఉంది. దీన్నిక్కడ ఎందుకు పెట్టాడబ్బా అనుకుంది. అప్పుడా తలగుడ్డ మెల్లగా ఊపిరి తీసింది. మడతల మధ్య రెండు తెల్లటి కళ్ళు కనబడ్డాయి.

"అమ్మా! అమ్మా! ఇలా రా, చూడు!"

భద్రావతి నడుం పట్టుకుని గబగబా వచ్చింది. గుంటలోకి వంగింది. పాము తల కొంచెం పైకెత్తింది. దాని కళ్ళు నల్లగా లేవు. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, పొగమంచు కమ్మినట్టు ఉన్నాయి.

ఆ తర్వాత నాయనమ్మ సూరమ్మ వచ్చింది. పాముని చూసి భయపడలేదు. కోడలి వైపు తిరిగి ఒకే మాట అడిగింది.

"నువ్వు చూశావా భద్రా?"

"చూశానత్తయ్యా."

"అయ్యో అయ్యో! ఎంత పని జరిగిందే తల్లీ!" అని సూరమ్మ అక్కడే కూలబడిపోయింది.

ఎందుకంటే, కడుపుతో ఉన్న మనిషి కంటపడితే పాముకి చూపు పోతుందని ఆ ఊళ్ళో నమ్మేవాళ్ళు. ఆ పాము ఉసురు కడుపులో బిడ్డ కళ్ళకి కొడుతుందని కూడా నమ్మేవాళ్ళు. ఇదిగో, పాము కళ్ళు తెల్లబడి ఎదురుగానే ఉన్నాయి. ఇక అనుమానమేముంది?

భద్రావతి ఏడవలేదు. పోయి అరుగు మీద కూచుంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, లోపలున్న బిడ్డకి కళ్ళు మూస్తున్నట్టు కూచుంది. అన్నం పెడితే ముట్టలేదు.

పున్ని గోడకి ఆనుకుని అమ్మనే చూస్తోంది. తను పిలవకపోతే అమ్మ వచ్చేది కాదు. అమ్మ రాకపోతే పాముని చూసేది కాదు. ఎవరూ పున్నిని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండునురా కన్నా, తిట్టనప్పుడే ఎక్కువ నొప్పి.

ముందుగా మార్కండేయులు వెదురుకర్ర తెచ్చాడు. "జెర్రిపోతులే అమ్మా, విషం ఉండదు. ఎత్తి బయట పడేస్తా" అన్నాడు.

అరుగు మీంచి భద్రావతి అరిచింది. "కర్ర తగిలించావంటే నా మీద ఒట్టే! కళ్ళు తీసింది చాలు, నడుం కూడా విరగ్గొడతావా?"

కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా మగవాడు పాము మీద చెయ్యెత్తకూడదు. అది కూడా వాళ్ళ కట్టుబాటే. మార్కండేయులు కర్ర మూలన పెట్టేశాడు. పాము ఉన్న గుంటలో కాళ్ళెలా పెడతాడు? మగ్గం ఆగిపోయింది.

అప్పుడు సూరమ్మ గిన్నెడు పాలు తెచ్చి గుంట గట్టున పెట్టింది. పసుపూ కుంకుమా చల్లి, "నాయనా, మా కోడలు కావాలని చూడలేదు, పసిదాని మీద కోపం పెట్టుకోకు" అని దండం పెట్టింది. పాము కదల్లేదు. కాసేపటికి పక్కింటి పిల్లి వచ్చి, ఆ పాలన్నీ తాగి, మీసాలు తుడుచుకుని వెళ్ళిపోయింది.

"చూశావా, పిల్లి రూపంలో వచ్చి తాగాడు" అంది సూరమ్మ.

"ఆ రూపమే రోజూ మన పెరుగు కూడా తాగుతోందమ్మా" అన్నాడు మార్కండేయులు.

ఆ తర్వాత పాములాయన్ని పిలిచారు. ఆయన గుంట ముందు గొంతుక్కూచుని, బుగ్గలు బూరెల్లా పొంగించి నాగస్వరం ఊదాడు. వీధి వీధంతా వచ్చి చేరింది. ఊదాడు, ఊదాడు, మెడ నరాలు ఉబ్బేదాకా ఊదాడు. పాము చుట్ట కూడా విప్పలేదు.

"చూపు లేనిది కదా తల్లీ, నన్నెలా చూస్తుంది?" అని చెమట తుడుచుకున్నాడు.

ఎదురింటి కోటమ్మత్త ఊరుకుంటుందా? "నువ్వు ఊదింది దాని కళ్ళల్లోకా ఏంటి బాబాయ్?" అంది. అందరూ నవ్వారు. భద్రావతి మాత్రం నవ్వలేదు. చూపు లేనిది అన్న మాట ఒక్కటే ఆమె చెవిన పడింది.

ఊఁ కొడుతున్నావా? ఆఁ, మంచిది.

ఇక పెద్దవాళ్ళు చేయగలిగింది అయిపోయింది. ఉన్నన్నాళ్ళు ఉండి అదే పోతుందిలే అని వదిలేశారు. అప్పుడు పున్ని ఒక్కతే మిగిలింది. పాముకి చూపొస్తే చెల్లికీ చూపుంటుంది కదా అని ఆ చిన్న బుర్రకి తట్టింది. అంతే. రాట్నం గుంటకి కాస్త దగ్గరగా జరుపుకుని, కండెలు చుడుతూ పాముకి కాపలా కూచుంది.

మొదట్లో పాము నాలుక ఆడిస్తే రాట్నం వదిలేసి గుమ్మం దాకా పరుగెత్తేది. మళ్ళీ వచ్చేది. మళ్ళీ పరుగెత్తేది. ఆ తర్వాత గుమ్మం దాకా పోవడం మానేసింది. ఆ తర్వాత లేవడమే మానేసింది.

భయం కొంచెం పక్కకి తప్పుకుంటే, దాని వెనక ఉన్నవి కనబడ్డాయి. పాముకి రెప్పలే లేవు, తెలుసా? నిద్రపోయినా కళ్ళు తెరిచే ఉంటాయి. ఒంటి మీద పొలుసులు ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా పోగు తప్పని నేతలా ఉన్నాయి. తోక దగ్గరికి వచ్చేసరికి నల్ల గీతల అంచు. నేతగాడి కూతురు కదా, పున్నికి ముచ్చటేసింది. ఇంత నున్నటి నేత నాన్న కూడా నెయ్యలేడు అనుకుంది. అనుకుని, పాపం నాన్న వింటాడేమోనని చుట్టూ చూసింది.

"చుట్టమా, చుట్టమా, చూపు తెచ్చుకో" అని గొణిగేది. "అమ్మ మంచిదే. పిలిచింది నేను. కోపం ఉంటే నా మీద పెట్టుకో."

పాము వినలేదనుకో. వింటే మాత్రం ఏం చెబుతుంది? చల్లగా, హాయిగా పడుకుని ఉండేది. దానికి ఎవరి మీదా కోపం ఉన్నట్టు పున్నికి అనిపించలేదు. కోపం ఉన్నవాళ్ళు అంత తీరిగ్గా పడుకోరు మరి.

ఒకరోజు పొద్దున్నే పున్ని మొహమైనా కడుక్కోకుండా గుంటలోకి చూసింది. పాము కూడా పున్నిని చూసింది. నిజంగా చూసింది! కళ్ళు నల్లగా, గుండ్రంగా, నీళ్ళలో కడిగిన మిరియాల్లా మెరుస్తున్నాయి. పున్ని ఇటు జరిగితే తల ఇటు తిప్పింది.

"నాయనమ్మా! చూపొచ్చింది! చూపొచ్చింది!"

సూరమ్మ వచ్చింది, చూసింది, రెండు చేతులూ జోడించింది. మార్కండేయులు వచ్చి చూశాడు. "నిజమేనే భద్రా, నువ్వూ వచ్చి చూడు!" అన్నాడు.

"బాగుంది మీ వరస! నేను చూస్తే మళ్ళీ పోదూ?" అంది భద్రావతి అరుగు మీంచి.

అందుకని ఆమె చూడలేదు. చూడని మనసు కుదుటపడుతుందా? నన్ను ఊరడించడానికి చెబుతున్నారులే అనుకుంది. పున్నిని దగ్గరికి లాక్కుని, "నిజం చెప్పమ్మా" అనేది. పున్ని ఒట్టేసేది. మళ్ళీ కాసేపటికి అదే అడిగేది. ఒకసారి పోయిన చూపు మళ్ళీ ఎలా వస్తుందనేది ఆమె బాధ.

ఆ తర్వాత ఒకనాడు, వాన వెలిసి ఎండ కాస్తుండగా, భద్రావతికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి ముందుగది తలుపు వేసింది. సూరమ్మ లోపలికి వెళ్ళింది. మార్కండేయులు వీధిలో పచార్లు. పున్నిని "నువ్వు ఇక్కడుండకు, పో" అన్నారు. ఎక్కడికి పోతుంది? మగ్గం దగ్గరికే పోయింది.

అక్కడ పాము వింత పని చేస్తోంది. మూతిని తొక్కుడు చెక్క అంచుకేసి రుద్దుతోంది. ఇటు రుద్దింది, అటు రుద్దింది. పెదవి దగ్గర సన్నటి పొర లేచింది. ఆ పొర చెక్క సందులో తగులుకుంది. పాము మెల్లగా ముందుకి పాకింది. తడిసిన బనీను తల మీంచి తిరగేసి లాగుతామే, అలా ఆ పొర తిరగబడుతూ వెనక్కి ఊడిపోయింది. లోపలి నుంచి కొత్త పాము వచ్చింది! పసుపు గోధుమ రంగులో తళతళలాడుతూ, ఇప్పుడే మగ్గం మీంచి దించిన పట్టులా ఉంది.

పున్ని నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ క్షణంలో ఆ పిల్లకి భయమన్నదే గుర్తులేదు.

పాము గట్టెక్కింది. పున్ని పక్క నుంచే, జానెడు దూరంలో, తన దారిన తాను పాకుతూ పెరటి గుమ్మం దాటి గడ్డిలోకి పోయింది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. పున్ని కాళ్ళు కదపకుండా, అది కనబడినంత మేరా చూసింది.

అప్పుడు గుంటలోకి దిగి, ఆ కుబుసం రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పెట్టింది. తల దగ్గర చూసిందిరా కన్నా! కళ్ళు ఉండాల్సిన చోట చిల్లులు లేవు. రెండు చిన్న చిన్న గుండ్రటి అద్దాలు ఉన్నాయి. కళ్ళ మీద పొర కూడా చొక్కాతో పాటే ఊడి వచ్చింది!

పున్ని అలాగే నిలబడి ఆలోచించింది. చొక్కా పాతదైంది. కళ్ళ మీదది కూడా పాతదైంది. లోపల కొత్తది తయారయ్యేటప్పుడు పాతది మసకబారింది. అంతే! అమ్మ చూడకముందే ఆ కళ్ళు తెల్లగా ఉన్నాయి. కండె పడినప్పుడే తెల్లగా ఉన్నాయి!

పరుగెత్తింది. ముందుగది తలుపు దబదబా బాదింది.

"అమ్మా! చూపు పోనే లేదే! నువ్వేం చెయ్యలేదే! చొక్కా మార్చుకుందే!"

లోపల మంత్రసాని కసిరింది. "ఎవరే అది? ఎవరి చొక్కా?"

"పాము చొక్కా! కళ్ళకి కూడా తొడుక్కుంటుంది! ఇదిగో, ఊడిపోయింది!" అని తలుపు సందులోంచి కుబుసం లోపలికి దూర్చింది.

కుబుసం చూసి మంత్రసాని కెవ్వుమంది. సూరమ్మ "నోరుముయ్యవే, ఇటివ్వు" అని దాన్ని తీసుకుంది. ఆ రెండు అద్దాలూ చూసింది. కోడలికి చూపించింది. భద్రావతి నొప్పుల మధ్యలోనే వాటిని వేలితో తడిమింది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుపు వెనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే, ఇంకో నాలుగు నొప్పులకి, ఆడపిల్ల పుట్టింది.

కథ అయిపోయిందనుకున్నావా? లేదు. పిల్ల కెవ్వుకెవ్వున ఏడుస్తోంది గానీ కళ్ళు తెరవదు! పిడికిళ్ళెంత గట్టిగా మూసిందో కళ్ళూ అంత గట్టిగా మూసింది. ఇల్లంతా మళ్ళీ ఊపిరి బిగబట్టింది.

మార్కండేయులు వంగి, "బంగారం, నేనే, నాన్నని" అన్నాడు. తెరవలేదు. సూరమ్మ వేళ్ళతో చిటికెలేసింది. పిల్ల మొహం ఇంకా ముడుచుకుంది. అప్పుడు భద్రావతి, "పున్నీ, నువ్వు రా" అంది.

పున్ని మంచం పక్కన మోకాళ్ళ మీద కూచుంది. పాముని చూసి చూసి ఆ పిల్లకి తొందరపెట్టకుండా ఉండడం వచ్చేసింది. పిలవలేదు, ముట్టుకోలేదు. కిటికీలోంచి పడుతున్న ఎండకి తన వీపు అడ్డం పెట్టి, అలాగే కూచుంది. చెల్లి మొహం మీద నీడ పడింది.

ముందు ఒక కన్ను. ఆ తర్వాత రెండోది. నల్లగా, తడితడిగా, మెరుస్తూ. పున్ని కొంచెం ఇటు జరిగింది. కళ్ళు ఇటు తిరిగాయి.

"చూస్తోందమ్మా" అంది పున్ని, చాలా మెల్లగా. "నన్నే చూస్తోంది."

భద్రావతి తల దిండు మీద వాల్చి, ఊపిరంతా వదిలేసింది. మార్కండేయులు గోడ వైపు తిరిగి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. సూరమ్మేమో, "నాకు ముందే తెలుసు, ఊరికే మీరే కంగారు పడ్డారు" అంది. అందరూ ఆమె వైపు ఒక్కసారి చూశారు. ఆ తర్వాత అందరూ కలిసి నవ్వారు. భద్రావతి అయితే పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. ఆ పూట ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది.

అప్పటి నుంచి పున్నికి పాములంటే ప్రాణం పోవడం పోయి, పాములే ప్రాణమైపోయాయి. తొండ కనబడినా నిలబడేది, ఉడుము కనబడినా నిలబడేది, చెరువులో నీరుకట్టు పాము తల ఎత్తితే బడి గంట కూడా మరిచిపోయేది. ఏది విషప్పురుగో, దేనికి ఎంత దూరంలో ఉండాలో, తెలిసినవాళ్ళ వెంటపడి నేర్చుకుంది. ముట్టుకోవడం మాత్రం పెద్దయ్యాక, గురువు దగ్గర కుదురుగా నేర్చుకున్నాకే. విన్నావా? నువ్వు ముట్టుకోకూడదు. కనబడితే దూరంగా నిలబడి పెద్దవాళ్ళని పిలవాలి. ముసలిదై తల నెరిశాక కూడా, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పాము దూరినా, కర్ర తియ్యకుండా పున్నమ్మకే కబురు పెట్టేవాళ్ళు. ఆవిడ వస్తోందంటే చాలు, ఆ ఇంట్లో మనుషులకీ ధైర్యమే, పాముకీ బతుకే.

ఇక కళ్ళు మూసుకో మరి. నీకు రెప్పలున్నాయి కదా, వాడుకో.

పాము పాకె పచ్చికకి,
పాప చేరె పాలకి,
నాన్న దిగె మగ్గానికి,
కథ నడిచె కంచికి,
కన్న ఒరిగె మంచానికి.