కొయ్యదాది, అడుగుల అరిసెలు

అనగనగా ఓ రాజ్యం, దానికో ముసలి మహారాణి, పేరు నాగమాంబ. ఊ అనండర్రా, లేకపోతే నేనే నిద్రపోతాను!

ఆ నాగమాంబకి లేక లేక ఓ మనవరాలు పుట్టింది. ఇంకేం, బోర్లా పడిందని బొబ్బట్లు పంచింది, కూర్చుందని కుడుములు పంచింది, పలికిందని పంచదార చిలకలు పంచింది. ఇక అడుగులేస్తే అరిసెలు పంచాలి. బియ్యం నానబోసింది. పిల్ల నడవలేదు. బియ్యం పులిసిపోయాయి. మళ్ళీ నానబోసింది. పిల్ల నడవలేదు. మళ్ళీ పులిసిపోయాయి. తోటి పిల్లలు వీధుల్లో పరుగులు పెడుతుంటే, ఈ పిల్ల కూర్చున్న చోటే కూర్చుని ఎత్తుకోమని చేతులు చాపేది. నా తల్లికి ఇక నడక రాదేమోనని ముసలావిడ చాటుగా ఏడ్చేది కూడానూ.

ఎందుకు నడవలేదంటారా? కొయ్యదాది! పిల్లకి దెబ్బ తగులుతుందని నాగమాంబే వడ్రంగి చేత ఆ మరబొమ్మని చేయించింది. కీ ఇస్తే చాలు, కిర్రు కిర్రుమంటూ వెనకాలే తిరిగేది. పిల్ల కాస్త తూలిందా, కిర్రున వంగి చంకనేసుకునేది. దాన్ని కాసేపు ఆపండి అత్తయ్యగారూ అని కోడలు కువలయ అంటే, నిన్నగాక మొన్న తల్లివయ్యావు, నీకేం తెలుసని కసిరేది. అత్తగారు కదా మరి!

ఓ రోజు దొడ్లో మేక ఈనింది. చూద్దాం రండని కోడలు అత్తగారినీ పాపాయినీ తీసుకెళ్ళింది. కొయ్యదాది మెట్లు దిగలేదుగా, పైనే ఉండిపోయింది. ఊ కొడుతున్నారా? మేకపిల్ల లేచింది, పడింది. లేచింది, పడింది. తల్లి ముట్టుకోదే! పక్కనే నుంచుని మే మే అంటుంది. నాగమాంబ ప్రాణం ఊరుకుంటుందా? గబగబా వెళ్ళి మేకపిల్లని ఎత్తబోయింది. అంతే, మహారాణి అని కూడా చూడకుండా కుమ్మింది తల్లిమేక ఒక్క కుమ్ము! ముసలావిడ ధడాల్న చతికిలబడింది. నవ్వకండర్రా, నడుం పట్టేసింది పాపం.

పాపాయి మాత్రం కిలకిలా నవ్వింది. అవ్వ దగ్గరికెళ్ళాలని చేతులు చాపింది. ఎత్తే దాది లేదు. గడ్డిమోపు పట్టుకుని లేచింది, తూలింది, పడింది. నాగమాంబ చేతులు ఆగడం లేదు. ఎత్తుకోనా అన్నట్టు కోడలి వైపు చూసింది. కోడలు మేక వైపు చూసింది. అప్పుడా మహారాణి ఏం చేసిందో తెలుసా? రెండు చేతులూ తన కిందే పెట్టుకుని వాటి మీద కూర్చుంది! కూర్చుని, రామ్మా, నా బంగారు తల్లీ రా అని పిలిచింది. పాపాయి మళ్ళీ లేచింది. ఓ అడుగు, ఇంకో అడుగు, తూలుకుంటూ తూలుకుంటూ వచ్చి అవ్వ ఒళ్ళో పడింది!

ఇక ఊరంతా అరిసెలే అరిసెలు. కొయ్యదాదికి పిండి దంచే పనిచ్చారు, కిర్రు కిర్రుమంటూ అదే దంచింది. మొదటి అరిసె మేకకి పెట్టారు. పిల్లల్ని ఎత్తుకోవడం ఎవరైనా చేస్తారర్రా, ఎత్తుకోకుండా పక్కన కూర్చోవడమే మహా కష్టం.

ఒరే పండూ, రేపు నీ సైకిల్ వెనక పట్టుకోను. గుమ్మంలో చేతుల మీద కూర్చుని చూస్తాను. పడితే ఏడవకూడదు సుమా... నీక్కాదురా, నాకు చెప్పుకుంటున్నాను. కథ కంచికెళ్ళింది, మీరు దుప్పట్లోకి దూరండి.